రెండోసారి లాగని పోగు

ఒక్క పగటిపూట రెండు భీములు అతకడం యమునాబాయి మొదటి గెలుపు. 1995 మార్చి పదిహేను, బుధవారం. భీమంటే పడుగు పోగులు చుట్టి సాంచాకు, అంటే మరమగ్గానికి, ఎక్కించే దూలం. భీముకు రెండు వేల నాలుగు వందల పోగులు, రెండింటికి కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు. సాంచా మీద అయిపోయిన పాత పోగు కొసనూ కొత్త భీము పోగు కొసనూ జత చేసి, వేళ్ళకు చిటికెడు బూడిద అద్దుకుని, మెలేసి వదలాలి. ముడి వెయ్యకూడదు. ముడి పడితే ఫణి పళ్ళలో ఇరుక్కుని తెగుతుంది. చెయ్యి తిరిగిన మగమనిషి రోజంతా కూర్చుంటే ఒక భీము లేస్తుంది. ఆనాటి దాకా మహారాష్ట్ర భివండిలో మన పద్మనగర్ ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టారే గాని, భీము ముందు పీట వేసుకుని కూర్చున్నది లేదు. యమునాబాయి కూర్చుంది. పొద్దు పొడిచినాక మొదలుపెట్టి, పొద్దు గూకక ముందే రెండూ లేపింది. సాంచాలు నడిపిస్తే ఒక్క పోగు జారలేదు.

ఈ లెక్క కనుకయ్యకు కంఠతా వచ్చు. ఆయన ఆమె మామగారికి అన్న, అంటే ఆమెకు పెద్దమామ. సిరిసిల్ల దగ్గరి పల్లెబడిలో నాలుగో తరగతి దాకా చదివి, ఇరవై ఎక్కాలు ఈనాటికీ తడబడకుండా చెప్పే మనిషి. 1967లో భివండికి వచ్చాడు, తన ఊరి నుంచి వచ్చిన వాళ్ళలో మొదటివాడు. తన వెనక నలభై ఒక్క ఇళ్ళను తెచ్చి పని చూపించాడు. శాంతి నగర్‌లో కార్మికుల కోసం నీళ్ళ కుళాయి పెట్టించింది ఆయనే. ఈ ఘనతలన్నీ వరసగా చెప్పి, చివర కోడలి ముచ్చట చెప్పడం ఆయన అలవాటు. చాయ్ దుకాణంలో చెప్తాడు, పెళ్ళి బంతిలో చెప్తాడు, చావు ఇంటి దగ్గర కూడా సందు చూసి చెప్తాడు.

అయితే ఒక్కటి ఆయనకు అంతు చిక్కలేదు. ఆ ముచ్చట ఎత్తగానే యమునాబాయి లేచి లోపలికి పోతుంది. సిగ్గేమో అనుకున్నాడు చాలా ఏళ్ళు. కాని సిగ్గుపడే మనిషి ముఖం అట్లా ఉండదు.

పైగా ఆమె భీము పనే మానేసింది. మానింది 1998లో, ఆమె బిడ్డ పూనంకు చెవులు వినపడవని తెలిసిన నెలలోనే.

అది తెలిసిన తీరు కూడా విచిత్రమే. సాంచాల ఖానాలో మాట వినపడదు. మనిషి నోరు తెరిస్తే పెదవి చూసి మాట పట్టుకోవాలి, జవాబు చేతితో చెప్పాలి. రెండు వేళ్ళు పెదవి దగ్గర పెడితే చాయ్. మణికట్టు తిప్పితే కండెలు అయిపోయినయ్. నెత్తి మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే సేటు వస్తున్నాడు, జాగ్రత్త. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోదు. పద్మనగర్‌లో ఆలుమగలు కొట్లాడుకున్నా సగం కొట్లాట చేతులతోనే. అట్లాంటి వాడలో పెరిగిన పిల్ల, తల్లి పెదవి చూసి చాయ్ గ్లాసు తెచ్చేది, చెయ్యి చూసి కండెల బుట్ట జరిపేది. మాటలు రాలేదేమంటే, "మా తాత నాలుగేండ్లకు మాట్లాడిండు, మన వంశమే అంత" అని కనుకయ్య ధైర్యం చెప్పేవాడు. వేరే ఊళ్ళో అయితే నెలలో తెలిసేది. ఇక్కడ మూడేళ్ళ అయిదు నెలలు ఎవరికీ తెలియలేదు.

1998 ఆగస్టులో ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలి, శాంతి నగర్ నుంచి గైబీ నగర్ దాకా కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగాయి. వాడంతా నిశ్శబ్దం. పూనం గల్లీలో అటు తిరిగి మట్టిలో పుల్లతో గీతలు గీస్తోంది. యమునాబాయి గడపలో నిలబడి "పూనం!" అని పిలిచింది. అటు నాలుగిళ్ళ అవతలి వాళ్ళు తిరిగి చూశారు. పిల్ల తిరగలేదు. మళ్ళీ పిలిచింది. చేతిలో ఉన్న స్టీలు పళ్ళెం బండ మీద విసిరికొట్టింది. పిల్ల గీతలు గీస్తూనే ఉంది.

ఠాణేలో పెద్ద డాక్టరు చెప్పాడు, పది నెలల వయసులో పిల్లకు వచ్చిన మెదడు జ్వరం చెవులను తీసుకుపోయిందని. "ఒక దినం ముందు ఆస్పత్రికి తెస్తే?" అని యమునాబాయి అడిగింది. "కావచ్చు, కాకపోవచ్చు. చెప్పలేం" అన్నాడాయన. ఆ చెప్పలేమన్న మాటే ఆమె గుండెలో దిగబడింది. తప్పని తేలలేదు, తప్పు కాదని తేలలేదు.

అప్పటి నుంచి ఆమె వాడలో అందరికంటే చిన్నదైన కండెల పనికి దిగింది. చెప్పులు విడిచింది. పండుగ పూట కూడా తీపి ముట్టలేదు. ఎనిమిదేళ్ళు వచ్చినా పిల్లను ఒక్క అడుగు దూరం పోనిచ్చేది కాదు. పిలిస్తే వినపడదు గనక ఒక బారెడు దారం తన నడుముకు కట్టుకుని, రెండో కొస పిల్ల చేతికి కట్టేది. పిల్ల కదిలితే నడుము దగ్గర తెలుస్తుంది. కనుకయ్య చూసి, తెలివైన ఏర్పాటే అనుకున్నాడు గాని, ఏదో తేడాగా కూడా అనిపించింది.

2003 జనవరిలో రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. కుల సంఘం వాళ్ళు పద్మనగర్‌లో పేరు తెచ్చిన ఆడవాళ్ళకు సన్మానం చేస్తామంటే, కనుకయ్య మొదటి పేరుగా కోడలి పేరు రాయించాడు. యమునాబాయి సంఘానికి తానే పోయి కొట్టేయించి వచ్చింది. రెండోది, కండెల దగ్గర తనతో పనిచేసే పోచవ్వ తెచ్చిన కబురు. పుణె దగ్గర చెవిటి పిల్లల బడి ఉంది, ఉండి చదువుకోవచ్చు, కాని తొమ్మిదేళ్ళు నిండితే చేర్చుకోరు. పూనంకు మే నెలలో తొమ్మిది నిండుతాయి.

"పంపను" అంది యమునాబాయి. "ఒకసారి విడిచిపెట్టిన. రెండోసారి విడువను."

ఒకసారి ఎప్పుడు విడిచిపెట్టింది? కనుకయ్యకు కుతూహలం పట్టుకుంది. ఆమె భర్త నాగయ్యను అడిగాడు.

"నన్నడుగకు పెద్దబాపూ" అన్నాడు నాగయ్య. "అడిగితే ఆమె అన్నం తినుడు బందు వెడ్తది. శుక్రవారం పోచవ్వ కాడికి పోయొచ్చినప్పుడే జర మంచిగుంటది. అంతవరకే నాకెరుక."

పోచవ్వ కూడా మన కులపు మనిషే. పదేళ్ళ కింద యేసును నమ్ముకుంది. ఒక సాంచాల ఖానా మీది గదిలో పదిహేను మందిని కూడగట్టి ప్రార్థన చేస్తుంది. పాస్టరు కల్యాణ్ నుంచి నెలకోసారి వస్తాడు, మిగతా వారాలు ఆమెదే పెద్దరికం. కనుకయ్య ఆమెను కూరగాయల బండి దగ్గర పట్టుకున్నాడు.

"ఏంది చెల్లే, పేరేమో పోచమ్మ తల్లిది, పాటలేమో యేసువి. ఆ తల్లికి కోపం రాదా?"

"పేరు మా అవ్వ పెట్టింది, కనుకన్నా. మార్చుకొమ్మని యేసయ్య నన్ను అడుగలే. నీకేం తిప్పలొచ్చింది?"

"మరి ఆదివారం దేవుడు శుక్రవారం వచ్చుడేంది?"

"ఆదివారం సాంచాలు నడుస్తయి గద. ఆయన మా సుట్టీ చూసుకొనే వస్తడు."

కనుకయ్య నవ్వు ఆపుకుని అసలు మాటకు వచ్చాడు. "మా కోడలు నీ కాడికొచ్చి ఏం జేస్తది?"

"ఏడుస్తది."

"ఇంట్ల ఒక్కనాడు ఏడువలే?"

"గందుకే ఈడ ఏడుస్తది. మెట్లెక్కి రా, చూద్దువు."

"నేనెందుకొస్త?"

"రాకు మరి. అడుగకు కూడ" అని ఆమె వంకాయలు ఏరుకోవడంలో పడిపోయింది.

ఆ శుక్రవారం కనుకయ్య అటే పోయాడు. పైకి పోలేదు. సాంచాలు బందు ఉన్న ఖానాలో చల్లగా ఉంటుందనీ, మోకాలు నొస్తుందనీ తనకు తానే చెప్పుకుని, ఇనుప మెట్ల మీద నాలుగో మెట్టున కూర్చున్నాడు. పైన పాట అయిపోయింది. పోచవ్వ వాక్యం చెప్తోంది.

"గుడ్డిగ పుట్టినోన్ని చూపెట్టి అడిగిన్రట. ఇది ఎవరి పాపం? వీనిదా, కన్నోళ్ళదా? ఎవరిదీ కాదన్నడు యేసయ్య."

"అక్కా, గా ముచ్చట నాకు చెప్పకు." అది యమునాబాయి గొంతు. "వాడు పుట్టుగుడ్డి. నా బిడ్డ వినుకుంట పుట్టింది. పళ్ళెం కొడితే నవ్వేది. నేను జెయ్యవట్టి పోయింది."

పోచవ్వ కాదు కాదని బుజ్జగిస్తుందని కనుకయ్య అనుకున్నాడు. ఆమె బుజ్జగించలేదు.

"సరే, నువ్వే జేసినవనుకో. డాక్టరుకే తెల్వనిది నాకేం తెలుస్తది? జేసినోళ్ళకు కూడ ఒక ముచ్చట ఉన్నది, ఇను. యేసయ్యను పట్టుకపోయిన నాడు, దగ్గరి శిష్యుడే ఆయనెవరో నాకు తెల్వదన్నడు. ఒక్కసారి గాదు, మూడుసార్లు. తర్వాత కుమిలి కుమిలి ఏడ్చిండు. యేసయ్య సిలువ మీద చచ్చి మూడో దినం లేచి వచ్చినంక ఆన్ని దొరకవట్టి తిట్టిండా? లేదు. చెరువు ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, రాండ్రి తినుండ్రి అన్నడు. తిన్నంక, నేనంటే నీకు ప్రేమనేనా అని మూడుసార్లు అడిగిండు. అడిగి, తన గొర్రెలను కాచే పని ఆనికే అప్పజెప్పిండు. తప్పు లేదనలే. తప్పు చేసినోని చేతులనే పని పెట్టిండు."

"ఆయన మాఫ్ జేస్తడు అక్కా, నేను కాదంటలేను. నన్ను నేను జేసుకోను. నేను మరిచిపోతే నా బిడ్డకు జవాబు ఎవరు చెప్తరు?"

"యమునా, కొత్తోళ్ళకు పోగు అతుకుడు నేర్పినప్పుడు మెలేసినంక ఏం జెయ్యమందువు?"

"ఒక్కసారి లాగి చూడుమందు."

"రెండోసారి?"

"రెండోసారి లాగద్దందు. లాగిన కొద్ది మెలి ఇప్పుకుంటది."

"ఎన్నేండ్ల సంది లాగుతున్నవే? ఆ పోగు మెలేసింది నువ్వు గాదు, ఆయన. నువ్వు అతికిన భీము మీద మన మొగోళ్ళందరు కండ్లు మూసుకొని సాంచా నడిపిన్రు. ఆయన అతికిన దాని మీద నీకు నమ్మకం లేదా?" పోచవ్వ గొంతు తగ్గించింది. "నీ శిక్ష నువ్వే మోస్తున్ననుకుంటున్నవు. నీ నడుముకున్న దారం, దాని రెండో కొస ఎవరి చేతికి ఉన్నది?"

యమునాబాయి దిగి వచ్చింది. మెట్ల మీద పెద్దమామ కూర్చున్నది చూసీ చూడనట్టు ఆయన పక్క నుంచే పోయింది, వెనక పిల్ల, మధ్య దారం.

కనుకయ్య ఆ వారమంతా ఎవరికీ కనపడకుండా లెక్కలు కట్టాడు. పది నెలలు అంటే 1995 మార్చి. మార్చి అంటే రెండు భీముల నెల. అంతవరకు వచ్చి ఆయన మనసు ఆగిపోయేది, ఎక్కం మరిచిన పిల్లవాడి లాగా.

మరుసటి శుక్రవారం మళ్ళీ నాలుగో మెట్టు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. దేవుడు తన బతుకులో ఏం చేశాడో ఎవరైనా లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకుంటారు, సాక్ష్యం అంటారు దాన్ని. రెండేళ్ళుగా ఆ గదికి వస్తున్న యమునాబాయి మొదటిసారి లేచింది.

"నేను రెండు భీములు అతికిన నాడు నా బిడ్డకు జ్వరం. సాంచాల నడుమ చీరె తొట్టెల కట్టి వేసిన. గైబీ నగర్ సేటు చూడ వచ్చిండు. మొగోళ్ళందరు చూస్తున్నరు. నాకు గెలువాలని ఆశ ఉండె. తొట్టెల పక్కకు పోయినప్పుడు కాక తాకింది. చేతికి బూడిద ఉన్నది, కడుక్కుంటే ఆల్చం అయితది, తర్వాత ఎత్తుకుంట అనుకున్న. పొద్దు గూకినంకనే చేతులు కడుక్కున్న. అప్పటికి పిల్ల కండ్లు తేలేసింది. ఇది నేను జేసిన పని. ఎనిమిదేండ్లు దీన్ని నేనే పట్టుకొని ఉన్న, ఇడిస్తే బిడ్డను ఇడిసినట్టని. ఈ వారం ఆయన ముందల పెట్టిన. ఇగ లాగను. నా బిడ్డను బడికి తోలుతున్న."

వాళ్ళు స్తోత్రం అన్నారు. మెట్ల మీద కనుకయ్యకు అప్పుడు గుర్తొచ్చింది.

చాయ్ దుకాణంలో సేటుతో "మా కోడలు ఒక్క పగట్ల రెండు లేపుతది" అని పందెం లాగా అన్నది తానే. అది కాదు గుర్తొచ్చింది, అది ఆయన ఎప్పుడూ చెప్పుకునేదే. ఆ పొద్దున్న ఖానా వాకిట్లో యమునాబాయి తన దగ్గరికి వచ్చి, "మామా, పిల్ల ఒళ్ళు వెచ్చగున్నది, రేపు చేస్త" అంది. తాను "పండ్లొస్తున్నయేమో తియ్. సేటు చూస్తుండు, నడువు" అన్నాడు. అంతే. ఎనిమిదేళ్ళలో ఆ రెండు మాటలు ఆయనకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. నాలుగు వేల ఎనిమిది వందల పోగులు గుర్తున్నాయి.

యమునాబాయి ఆ మాట సాక్ష్యంలో చెప్పలేదు. మరిచిపోయి విడిచిందా, కావాలని విడిచిందా?

మూడు రోజులు ఆయన చాయ్ దుకాణానికి పోలేదు. ఒంట్లో బాగాలేదేమో అని దుకాణం వాడే గ్లాసు పంపాడు. నాలుగో రోజు కండెల దగ్గరికి పోయి, ఆమె పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. యంత్రం మోతలో మాట వినపడదు. పెదవులు కదిలిస్తే చాలు. మంచిదే అయింది, గొంతుతో అయితే ఆయన చెప్పలేకపోయేవాడు.

"ఆ దినం పిల్ల ఒళ్ళు వెచ్చగున్నదని నాకు చెప్పినవు."

ఆమె ఆయన పెదవులు చూసింది. "చెప్పిన."

"యాదికున్నదా?"

"ఎట్ల మరుస్త మామా?"

"మరి పైన ఎందుకు చెప్పలే?"

"సాక్ష్యంల నా తప్పు చెప్పాలె. నీది చెప్తే చాడీ అయితది."

కనుకయ్య తల వంచుకున్నాడు. ఆమె యంత్రం ఆపింది. ఇప్పుడు గొంతుతోనే చెప్పింది. "నిన్ను చానా తిట్టుకున్న మామా. నువ్వు ఆ లెక్క చెప్పినప్పుడల్లా ఉరికి లోపటికి పోయేది గందుకే. ఆడ ఉంటే నోరు జారుతనని. ఇప్పుడు లేదు. నాకు మాఫీ దొరికినంక నీ మీద పట్టుకొని ఉండేందుకు ఏమున్నది? నేను దించిన మూటను నువ్వు నెత్తికెత్తుకోకు."

"మరి నేనెక్కడ దించాలె?"

"నేను దించిన జాగనే ఉన్నది. నాలుగో మెట్టు మీద గాదు, ఇంక పైకి రావాలె." ఆమె నవ్వింది. ఆమె నవ్వి ఎన్నేళ్ళయిందో కనుకయ్య లెక్క పెట్టలేకపోయాడు. "ముందుగాల బడి కాయితాలు మరాఠీల ఉన్నయి. నాకు రావు. మమ్ముల తోలుకపో."

ఏప్రిల్‌లో ముగ్గురూ పోయారు. బడి టీచరమ్మ పూనంను ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు లేకుండా పెదవులు మాత్రం మరాఠీలో కదిలించింది. పిల్ల ఊరికే చూసింది. టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకోబోతుంటే యమునాబాయి, "తెలుగుల అడుగుతనమ్మా" అని వచ్చీరాని హిందీలో చెప్పి, తాను పెదవి కదిపింది. పూనం లేచి, కిటికీ తలుపు వేసి, మూలన ఉన్న కుర్చీ తెచ్చి, టీచరమ్మ వెనక వేసింది. తర్వాత రెండు వేళ్ళు పెదవి దగ్గర పెట్టింది.

"ఏమంటోంది?" అంది టీచరమ్మ.

"మీకు చాయ్ కావాల్నా అంటుంది" అన్నాడు కనుకయ్య.

"ఇదంతా ఎవరు నేర్పారు? మా దగ్గర రెండేళ్ళు పడుతుంది."

యమునాబాయి పిల్లను దగ్గరికి తీసుకుంది. ఏ సాంచాల నడుమ తొట్టెల కట్టానని ఎనిమిదేళ్ళు కుమిలిందో, అవే ఇదంతా నేర్పాయి. దాంతో ఆ బుధవారం మంచిదైపోదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా పారేసిన గుడ్డపేలికలతో కూడా యేసయ్య ఏదో కుడుతూనే ఉన్నాడని, తిరుగు బస్సులో పెద్దమామకు చెప్పింది. కనుకయ్య కిటికీ లోంచి చూస్తూ ఊఁ కొట్టాడు.

పిల్ల హాస్టలులో ఉండాలి. తల్లి మాత్రం మొదట నలభై రోజులు అక్కడే ఉండి చేతి భాష నేర్చుకోవాలని బడి నియమం. ప్రయాణానికి ముందు యమునాబాయి అయిదేళ్ళ తర్వాత ఒక భీము ముందు కూర్చుంది. పూనం పక్కన కూర్చుని బూడిద అందించింది. మధ్యలో రెండుసార్లు లేచి, చేతులు కడుక్కుని, పిల్లకు అన్నం పెట్టింది. ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. కనుకయ్య చూశాడు గాని, చెప్పడు.

మే మూడో తేదీన బస్సెక్కారు. ఆమె కాళ్ళకు కొత్త చెప్పులు ఉన్నాయి. నడుము దారం గోడ మేకుకు వేలాడుతూ ఇంట్లోనే ఉండిపోయింది. వారం తర్వాత పద్మనగర్ ఎస్టీడీ బూతుకు ఫోను చేసి పెద్దమామను పిలిపించింది.

"ఎట్లున్నవు బిడ్డా?"

"మంచిగున్న మామా. పూనం వేరే పిల్లలతోని పండుకుంటుంది. మొదటి దినం చెయ్యి ఊకె నడుము కాడికి పోయింది. లాగేందుకు ఏం లేదు. ప్రార్థన చేసుకొని పండుకున్న."

"అన్నం తింటున్నవా?"

"బెల్లం కూడ తింటున్న."

కనుకయ్య ఇప్పుడు శుక్రవారాలు పైకే పోతున్నాడు. తలుపు పక్కన చివరి చాప మీద, చెప్పులు కనపడే చోట కూర్చుంటాడు. నమ్ముకున్నావా అని పోచవ్వ అడగలేదు, ఆయన చెప్పలేదు. చాయ్ దుకాణానికి కూడా మళ్ళీ పోతున్నాడు. తన ఘనతలు వరసగా చెప్తాడు, 1967, నలభై ఒక్క ఇళ్ళు, కుళాయి. చివర రెండు భీములు. కాని లెక్క ఇప్పుడు పోగుల దగ్గర ఆగదు. "ఆ దినం పిల్లకు జ్వరం ఉండె. నాకు చెప్పింది. నడువు అన్నది నేనే" అని కలిపి చెప్తాడు. వినేవాళ్ళు గ్లాసులోకి చూస్తారు. ఆయన మాత్రం గ్లాసు పక్కన పెట్టి, "చేతి భాష నేర్చుకుంటుంది. వచ్చినంక మనకు కూడ నేర్పుతనన్నది" అంటాడు.

ఖానా గోడ మీద, భీములు వచ్చే తేదీలు రాసే చోట, సుద్దముక్కతో తన పల్లెబడి అక్షరాల్లో రాసి పెట్టాడు: యమునాబాయి వచ్చేది 2003 జూన్ పన్నెండు, గురువారం.